గల్ఫ్ ఎడారిలో ఋతువులను గుర్తుపట్టడం ఎలా: గోదావరి డెల్టా నుంచి వెళ్లేవారికి

కోనసీమ నుంచి, నరసాపురం, భీమవరం వైపు నుంచి కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో పనికి వెళ్లి వచ్చినవారిని అక్కడి కాలాల గురించి అడిగితే, ఎక్కువమంది చెప్పే మాట ఒక్కటే: అక్కడ ఋతువులు లేవు, ఏడాది పొడుగునా ఎండే. కువైట్‌లో కొన్నేళ్లు, ఒమాన్‌లో కొన్నేళ్లు డ్రైవరుగా పనిచేసిన నేను కూడా మొదటి మూడేళ్లు ఆ మాటే అన్నాను. ఆ మూడేళ్లలో నాకు పట్టిన అలసట ఎంత నిద్రపోయినా తీరలేదు. డెల్టాలో పుట్టినవాడికి ఏడాది అంటే కాలువలు కట్టేయడం, తిరిగి వదలడం, గోదావరికి ఎర్రనీరు రావడం, సార్వా నాట్లు, తేగలు, సంక్రాంతి ప్రభలు, దాళ్వా కోతలు, తాటి ముంజలు. ఈ గుర్తులన్నీ ఒక్కసారిగా తెగిపోయినప్పుడు రోజులు లెక్కకు వస్తాయి గాని, ఒక ఏడాది పోయి మరొక ఏడాది వచ్చిందన్న తెరిపి మనసుకు కలగదు. ఎడారిలో ఆ గుర్తులను మళ్లీ ఎలా సంపాదించుకోవాలో, నేను నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి గమనించండి. మన వ్యవసాయ శాఖ కాగితాలలోను, బ్యాంకు అప్పు పత్రాలలోను రాసే ఖరీఫ్, రబీ అనే రెండు మాటలూ అరబ్బీ మాటలే. ఆ భాషలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. మనం పొలం గట్టు మీద సార్వా, దాళ్వా అని పిలుచుకునే పంటలకు సర్కారు పెట్టిన పేర్లు ఎడారివాసుల ఋతువుల పేర్లేనన్నమాట. ఋతువులు లేని దేశంలో ఋతువులకు పేర్లు పుట్టవు.

మొదటి పని: కార్తెల పుస్తకం

బయలుదేరే ముందు ఒక గట్టి అట్ట ఉన్న పుస్తకం కొనుక్కుని, ప్రతి పేజీని నాలుగు గడులుగా గీసుకోండి. మొదటి గడిలో తేదీ, రెండవ గడిలో కార్తె, మూడవ గడిలో మీరున్న చోట ఆ రోజు కళ్లకు కనిపించినది, నాలుగవ గడిలో ఇంటి దగ్గర జరుగుతున్నది రాయాలి. ఇందుకు పెద్ద చదువు అవసరం లేదు. ఇంట్లో పంచాంగం ఉంటే చాలు, 27 కార్తెల తేదీలూ అందులో ఉంటాయి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తె అంటారని మీకు తెలిసినదే.

అరబ్బులు కూడా సరిగ్గా ఇలాంటి లెక్కనే వాడతారని నాకు ఒక ముసలి కువైటీ రైతు చెప్పేవరకు తెలియదు. వారు ఏడాదిని 28 చుక్కల ఇళ్లుగా విభజించుకున్నారు. ఒక్కొక్కటి పదమూడు రోజులు, ఒక్కటి మాత్రం పద్నాలుగు. మన కృత్తికలు వారికి తురయ్యా, మన రోహిణి వారికి దబరాన్, మన చిత్త వారికి సిమాక్. అయితే తేదీలు కలవవు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. మన కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో మొదలవుతుంది. వారి తురయ్యా మొదలయ్యేది జూన్ 7 ప్రాంతంలో. సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండగా అది మనకు కనిపించదు. మన లెక్క ఆ కనిపించని రోజులది. సూర్యుడు దాటిపోయాక ఆ చుక్క తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనబడడం మొదలుపెట్టిన రోజులు వారి లెక్క. అందుకే ఒకే చుక్క వారి దగ్గరకు మూడు నాలుగు వారాలు ఆలస్యంగా వస్తుంది. ఈ తేడాను పుస్తకం మొదటి పేజీలోనే రాసుకుంటే తరువాత ఇబ్బంది ఉండదు.

ఎమిరేట్స్‌లో ఉండేవారు మరొక లెక్క కూడా వింటారు. సుహైల్ అనే చుక్క పొడిచిన నాటి నుంచి ఏడాదిని పదేసి రోజుల చొప్పున లెక్కపెట్టే పద్ధతి అది, దాని పేరు దురూర్. చేపల వేటకు వెళ్లేవారు, ఖర్జూరపు తోటలు ఉన్నవారు ఇప్పటికీ దానిని వాడతారు. మీ పని వారి దగ్గరైతే అడిగి తెలుసుకోండి. కాలం గురించి అడిగితే విసుక్కున్న ముసలివారిని నేను ఏ దేశంలోనూ చూడలేదు.

రెండవ పని: అగస్త్యుడిని వెతకడం

పుస్తకంలో మొదటి గీత ఎక్కడ గీయాలన్నది ముఖ్యమైన ప్రశ్న. జనవరి 1న గీయవద్దు, అక్కడ ఆ రోజు ఏమీ మారదు. ఉగాది నాడు గీద్దామంటే, మనకు కొత్త చిగుళ్ల కాలమైన ఉగాది ఎడారివారికి ఎండలు ముదిరే కాలానికి ముంగిలి. అరేబియాలో ఏడాది తిరిగే మలుపు సుహైల్ పొడవడం. ఆ చుక్క మనకు కొత్తది కాదు, అది అగస్త్య నక్షత్రమే. అగస్త్యుడు ఉదయించాక నదుల నీళ్లు తేటపడతాయని మన పెద్దలు చెబితే, సుహైల్ పొడిచాక రాత్రులు చల్లబడతాయని వారి పెద్దలు చెబుతారు.

అరేబియా నడిభాగంలో ఆగస్టు 24ను సుహైల్ పొడిచే రోజుగా లెక్కిస్తారు. దక్షిణానికి వెళ్లిన కొద్దీ అది ముందుగా కనబడుతుంది, కాబట్టి ఒమాన్‌లో ఉన్నవారికి ముందు, కువైట్‌లో ఉన్నవారికి ఇంకా కొన్ని రోజులు ఆలస్యంగా దొరుకుతుంది. మొదటి వారంలోనే పట్టుకోవాలని పట్టుపట్టవద్దు, దిగంతం దగ్గర దుమ్ము, తేమ ఎక్కువగా ఉంటాయి. సెప్టెంబరు రెండవ వారం దాటాక, తెల్లవారడానికి గంటన్నర ముందు లేచి, దక్షిణపు దిక్కు బాగా కనిపించే మేడ మీదికో ఖాళీ స్థలానికో వెళ్లండి. ముందు ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువగా మెరిసే సిరియస్‌ను, అంటే మృగవ్యాధుణ్ణి గుర్తించి, దానికి కింద దక్షిణంగా దిగుతూ చూడండి. చేయి చాచి బిగించిన పిడికిలి ఆకాశంలో దాదాపు పది డిగ్రీలను కప్పుతుంది. మృగవ్యాధుడి నుంచి మూడున్నర పిడికిళ్లు దిగితే, దిగంతానికి దగ్గరగా, నిలకడగా వెలిగే రెండవ పెద్ద చుక్క దొరుకుతుంది.

అమలాపురంలో ఆ చుక్క తన దారిలో అన్నిటికంటే ఎత్తుకు చేరినప్పుడు దిగంతం నుంచి రెండు పిడికిళ్ల ఎత్తున ఉంటుంది. మస్కట్‌లో అది ఒకటిన్నర పిడికిలి కంటే కొంచెం తక్కువ, దుబాయ్‌లో ఒకటికి కొంచెం ఎక్కువ, కువైట్‌లో ఒక్క పిడికిలి కూడా నిండదు. నాకు ఈ కొలత లెక్క కంటే పెద్దదిగా తోచింది. ఇంటికి ఎంత దూరం వచ్చానో కిలోమీటర్లలో అప్పటికే తెలుసు, కాని ఆ చుక్క ఎంత కిందికి వాలిందో చూసిన రోజునే అది నాకు ఒంటికి తెలిసింది.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు తెల్లవారుజామున బయటికి వెళ్లే వీలు ఉండదు. వారికి మరొక సమయం ఉంది. ఫిబ్రవరి మొదటి, రెండవ వారాలలో రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర ప్రాంతంలో అదే చుక్క సరిగ్గా దక్షిణాన నిలుస్తుంది. మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లినప్పుడు దక్షిణపు గోడ వైపు తిరిగితే చాలు. కువైట్‌లో తొమ్మిదేళ్లు ఒక ఇంటిలో పనిచేసిన మా అక్క ఆ చుక్కను అలాగే చూసేది. ఆ నెలలో అంతర్వేది తీర్థం జరుగుతుంది గనుక, దానికి ఆమె అంతర్వేది చుక్క అని పేరు పెట్టుకుంది.

చుక్క కనబడిన రోజునే చల్లగాలి వస్తుందని ఆశించవద్దు. సెప్టెంబరులో సముద్రతీరాన ఉక్క ఇంకా ఎక్కువవుతుంది. ముందు మారేది తెల్లవారుజాము, తరువాత రాత్రి, అన్నిటికంటే చివర మధ్యాహ్నం. పుస్తకంలో ఈ మూడింటినీ విడివిడిగా రాసుకుంటే, అక్టోబరు నాటికి మీ చేతిరాతలోనే కాలం తిరగడం కనిపిస్తుంది.

మూడవ పని: వేసవిని దాటడం

వేసవిలో ఎడారి నుంచి తెరిపి వెతకవద్దని నా గట్టి సలహా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాం. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీల వేడి ఆ మాటకు అందేది కాదు. ఆ నెలల్లో చేయవలసింది ఒంటిని కాపాడుకోవడం. బయట పనిచేసేవారికి మధ్యాహ్నపు విరామం చట్టం ఇచ్చిన హక్కు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 వరకు, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12.30 నుంచి 3 వరకు, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు 10 నుంచి 3.30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ ఏటి ఉత్తర్వును ఒకసారి చూసుకుని, ఆ తేదీలను కూడా కార్తెల పుస్తకంలో రాసుకోండి. తోటివాడికి మాట తడబడినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతున్నా, అతణ్ణి నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ వెంటనే అంబులెన్సును పిలవండి. కువైట్‌లో 112, ఎమిరేట్స్‌లో 998.

వేసవిలో కూడా ఏడాది నడుస్తున్నదని చూపే వస్తువు ఒకటి ఉంది, అది ఖర్జూరం. మన ఈత చెట్టు, వారి ఖర్జూరపు చెట్టు ఒకే కుటుంబానికి చెందినవి. శీతాకాలం చివర తోటవాళ్లు మగ చెట్టు పూత తెచ్చి ఆడ చెట్టు గెలలకు చేతితో కడతారు. తరువాత గెలలోని కాయ గట్టిగా పసుపురంగుకో ఎరుపుకో తిరిగితే దానిని ఖలాల్ అంటారు, మెత్తబడి తేనెలా మారితే రుతబ్, ఎండితే తమర్. మనకు దుకాణంలో ఏడాది పొడుగునా దొరికేది తమర్. మీరు వెతకవలసింది ఖలాల్‌ను, రుతబ్‌ను. జూన్ నుంచి ఆగస్టు వరకు కూరగాయల మార్కెట్‌లో వారానికి ఒకసారి ఏ దశ కాయ వచ్చిందో చూసి రాసుకోండి, వీలైతే పావుకిలో కొని గదిలో నలుగురూ పంచుకోండి. ముంజలు తిన్న రోజులు ఎలా గుర్తుంటాయో, రుతబ్ మొదటిసారి తిన్న రోజు అలాగే గుర్తుంటుంది.

ఒమాన్‌లో ఉన్నవారికి మరొక దారి ఉంది. జూన్ చివర నుంచి సెప్టెంబరు వరకు దక్షిణాన సలాలా చుట్టూ ఉన్న ధోఫార్ కొండలు నైరుతి గాలుల మంచుతుంపరతో పచ్చబడతాయి, దానిని వారు ఖరీఫ్ అనే పిలుస్తారు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహకంలో వానలు కురిపించి మనకు ఎర్రనీరు తెచ్చేది కూడా ఆ నైరుతి ఋతుపవనమే. మస్కట్ నుంచి సలాలాకు బస్సులో దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నాలుగు రోజుల సెలవు దొరికిన ఏడాది నేను అక్కడికి వెళ్లాను. తడిసిన చొక్కాతో కొండ మీద నిలుచుని ఇంటికి ఫోన్ చేస్తే, రాజమండ్రి దగ్గర నీళ్లు ఎర్రబడ్డాయని, పులస వచ్చిందని అమ్మ చెప్పింది. నాలుగవ గడిలో ఆ రోజు రాసిన మాటలు నా పుస్తకమంతటిలోను నాకు ఎక్కువ ఇష్టమైనవి.

నాలుగవ పని: వస్మ్ వాన కోసం కాచుకోవడం

అక్టోబరు 16 ప్రాంతం నుంచి 52 రోజుల కాలాన్ని గల్ఫ్ అరబ్బులు వస్మ్ అంటారు. వస్మ్ అంటే ముద్ర, ఆ వాన నేల మీద పచ్చదనపు ముద్ర వేస్తుందని ఆ పేరు. అవే రోజుల్లో మనకు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు నడుస్తాయి, సార్వా చేలు పొట్టకు వచ్చి ఈనుతూ ఉంటాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో ఉన్నవారెవరికీ ఆ కార్తెలలో మబ్బు పడితే గుండె దడ తప్పదు. నాకు కూడా అంతే, కువైట్‌లో మొదటిసారి నవంబరు మబ్బు చూసినప్పుడు చేతులు వణికాయి. పక్కనున్న కువైటీలు మాత్రం బండి దిగి, ముఖాలు పైకెత్తి నిలుచున్నారు. ఏడాది మొత్తానికి 110 మిల్లీమీటర్ల వాన పడే దేశం అది. మన డెల్టాలో దానికి దాదాపు పది రెట్లు పడుతుంది. మబ్బును చూసి భయపడడం మాని ఎదురుచూడడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

వస్మ్ వాన పడినప్పుడు చేయవలసిన పనులు ఇవి. పడిన తేదీ, ఎంతసేపు పడిందో రాయండి. వెంటనే ఎడారికి వెళ్లవద్దు, రెండు మూడు వారాలు ఆగి, ఒక సెలవు రోజున తెలిసినవారితో కలిసి వెళ్లి నేల మీద కూర్చుని చూడండి. నిలబడి చూస్తే ఇసుకే కనిపిస్తుంది, కూర్చుంటే వెంట్రుకవాసి పచ్చదనం కనిపిస్తుంది. ఆ మొలకలు ఎక్కడి నుంచో కొట్టుకు వచ్చినవి కావు. ఎడారి ఏకవార్షిక మొక్కలలో చాలావాటి గింజల పొట్టులో మొలకెత్తనివ్వని పదార్థాలు ఉంటాయి. చిన్న జల్లుకు అవి కడుక్కుపోవు. బతికి పూచి గింజ కట్టడానికి చాలినంత తడి నేలలో నిలిచేలా వాన పడితేనే అవి కరిగిపోయి గింజ కళ్లు తెరుస్తుంది. అంతవరకు ఏళ్ల తరబడి ఇసుకలో ఓపికగా పడి ఉంటుంది.

వస్మ్ తొలి వానలు బాగా పడిన ఏట, జనవరి నుంచి మార్చి వరకు మార్కెట్లో ఫగా అనే ఎడారి దుంపలు వస్తాయి. దుంపలని పేరే గాని అవి భూమిలో పెరిగే ఒక రకం శిలీంధ్రాలు, మన పుట్టగొడుగులకు చుట్టాలు. ఉరుములకే అవి పుడతాయని వారు నమ్ముతారు, మనం పుట్టగొడుగుల గురించి నమ్మినట్టే. ధర ఎక్కువ, కొనలేకపోయినా చూసి రాసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఒమాన్‌లోను ఎమిరేట్స్‌లోను వాన పడేటప్పుడు వాడీలలోకి, అంటే కొండ వాగుల ఎండిన గర్భాలలోకి దిగవద్దు. ఏటిగట్టు మీద పెరిగాం గనుక నీళ్ల సంగతి మాకు తెలుసునని మనవాళ్లు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. గోదావరి వరద ముందుగా కబురు పెట్టి వస్తుంది, భద్రాచలంలో పెరిగాక మన దగ్గరకు రావడానికి వ్యవధి ఉంటుంది. వాడీ వరదకు కబురు లేదు. మేము నలుగురం ఒక వాడీలో చాప పరుచుకుని అన్నం తింటుండగా, మా మీద చినుకు కూడా పడకుండానే, ఎగువ కొండల్లో కురిసిన వాన మోకాలి లోతున దూసుకువచ్చింది. చెప్పులు, గిన్నెలు పోయాయి, మేము మిగిలాం. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఎడారిలో ఏళ్ల వాన ఒక్క పూటలో రావచ్చునని గుర్తుంచుకోండి. కువైట్ ఎడారిలో మరొక జాగ్రత్త ఉంది: 1990, 91 నాటి యుద్ధపు పేలుడు వస్తువులు ఇప్పటికీ ఇసుకలో బయటపడుతుంటాయి, తెలియని లోహపు వస్తువును తాకవద్దు.

ఐదవ పని: చలికాలంలో నాటడం, చెట్లను పలకరించడం

డిసెంబరు 7 ప్రాంతంలో మర్బానియ్యా అనే నలభై రోజుల చలికాలం మొదలవుతుంది. దాని మూడు చుక్కలు మన అనూరాధ, జ్యేష్ఠ, మూల. రాత్రి ఎడారిలో చలి ఎముకలను పట్టుకుంటుంది, ఊరి నుంచి ఒక మంచి దుప్పటి తీసుకువెళ్లడం మరువవద్దు.

ఎడారిలో విత్తే కాలం ఇదే, మన లెక్కకు తలకిందులు. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు ఏది వేసినా వస్తుంది. గదిలో స్థలం లేదని మానుకోవద్దు, ఖాళీ రంగు డబ్బా ఒకటి చాలు. డబ్బాను బాగా కడిగి, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, నర్సరీ మట్టి రెండు వంతులు, కొబ్బరి పొట్టు ఒక వంతు, పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపండి. అక్కడి ఇసుకను నేరుగా వాడవద్దు, అందులో ఉప్పు ఉండవచ్చు. కొబ్బరి పొట్టు ఇటుకల రూపంలో అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. మన కొబ్బరి తోటల వాసన గదిలోకి తెచ్చుకోవడానికి అంతకంటే తేలిక మార్గం నాకు తెలియదు. ఊరి నుంచి మట్టి, విత్తనాలు తీసుకువెళ్లడానికి అనుమతులు కావాలి, ఆ జోలికి పోవద్దు. వంటగదిలో ఉన్న మెంతులు, ధనియాలు చాలు. మెంతులను రాత్రంతా నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి, మూడు నాలుగు వారాల్లో కోసి పప్పులో వేసుకోవచ్చు. ధనియాలను చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి వేయండి, వాటికి పది రోజుల ఓపిక కావాలి. కాలం కలిసొస్తే టమాటా మొక్క కూడా ఏప్రిల్ వరకు కాస్తుంది.

వేసవి వచ్చాక బచ్చలి, తోటకూరలను నీడలో పెట్టి నిలబెట్టుకోవచ్చు. ఏసీ నుంచి కారే నీటిని డబ్బాలో పట్టి మొక్కలకు పోయండి, అందులో ఉప్పు దాదాపుగా ఉండదు. తాగడానికి మాత్రం వాడవద్దు.

నాటడంతో పాటు చేయవలసిన మరొక పని, మన పండుగల చెట్లను వెతకడం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నేను కనుక్కున్నాను, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఎమిరేట్స్ జాతీయ వృక్షం పేరు గాఫ్. ఇసుక తిన్నెల నడుమ ఒంటరిగా, లోతుగా వేళ్లు దింపుకుని నిలిచే ఆ చెట్టు మరేదో కాదు, మన జమ్మి. దసరా నాడు ఊరి చివర జమ్మికి మొక్కే మనం, ఆ చెట్టు సొంత ఇల్లు ఎడారి అన్న సంగతి మరిచిపోయాం. అది రక్షిత వృక్షం, కొమ్మ విరవకూడదు, నమస్కరించడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇక సిద్ర్ అనే చెట్టు రేగు జాతిది. శీతాకాలం చివర దాని పళ్లు కుంపటి కింద రాలిన నిప్పుకణికల్లా చెట్టు చుట్టూ రాలుతాయి, వాటిని అక్కడ కునార్ అంటారు. ఇంట్లో పసిపిల్లలకు భోగిపళ్లు పోసిన రోజున ఆ చెట్టు కాయ ఏ దశలో ఉందో చూసి రాయండి. రోడ్డు పక్క బంజరులో మన జిల్లేడుకు దగ్గరి చుట్టమైన మరొక జిల్లేడు విస్తారంగా పెరుగుతుంది. రథసప్తమి నాడు దానిని చూసినా చాలు, పాలు కళ్లకు తగలకుండా చూసుకోవాలి. జమ్మి, రేగు, జిల్లేడు: మనం పండుగకు ఒకసారి తలుచుకునే ఈ మూడు చెట్లూ నీరు లేని నేలను జయించినవి. వీధుల్లో నాటిన వేప చెట్లు సరేసరి, వసంతంలో అవి పూచినప్పుడు ఉగాది పచ్చడికి చారెడు పువ్వు ఏ తోటమాలి అయినా ఇస్తాడు.

ఇదే కాలంలో దుబాయ్‌లో ఉన్నవారు రాస్ అల్ ఖోర్‌కు వెళ్లి రాజహంసల గుంపులను చూడవచ్చు. వలస పక్షులు చలికాలానికి కోరంగి మడ అడవుల దగ్గరకు కూడా వస్తాయి గనుక, ఇంట్లో పిల్లలను అక్కడికి తీసుకువెళ్లమని చెప్పి, ఇద్దరూ చూసినవి ఫోన్‌లో పోల్చుకోండి.

ఆరవ పని: రబీని, దుమ్మును ఒకే చోట రాయడం

ఫిబ్రవరి, మార్చి నెలలు ఎడారి వసంతం, అసలైన రబీ. వస్మ్ బాగుంటే కువైట్ ఎడారిలో పచ్చిక పరుచుకుంటుంది, కువైటీ కుటుంబాలు గుడారాలు వేసుకుని అక్కడే ఉంటాయి. వసంతం ముదిరాక అర్ఫజ్ పొదలు పసుపుపచ్చగా పూస్తాయి, అది కువైట్ జాతీయ పుష్పం. మా ఇంటి దగ్గర దాళ్వా చేలు ఈనే కాలం కూడా అదే.

మార్చి చివర నుంచి సరాయాత్ అనే కాలం వస్తుంది. మధ్యాహ్నం వరకు నిర్మలంగా ఉన్న ఆకాశం సాయంత్రానికి ఉరుములతో, దుమ్ముగోడతో మీదపడుతుంది. ఆ దుమ్మును కువైట్‌లో తోజ్ అంటారు. అప్పుడు తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని, కిటికీ సందులు మూసి, బండి నడిపేవారు రోడ్డు పక్కకు పూర్తిగా దిగి ఆగాలి. దుమ్ము రోజులను కూడా విడిచిపెట్టకుండా రాయండి. పూలు పూచిన రోజులనే రాసిన పుస్తకం రెండవ ఏడాది పనికిరాదు.

ఏడవ పని: ఇంటితో కార్తెలు మార్చుకోవడం

కువైట్ కాలం మనకంటే రెండున్నర గంటలు, దుబాయ్, మస్కట్ కాలం గంటన్నర వెనక. వారానికి ఒకసారైనా డబ్బు, అప్పు, వీసా ఊసు లేని ఫోన్ ఒకటి చేయండి. బాగున్నారా అంటే బాగున్నాం అంటారు, అక్కడితో మాట ఆగుతుంది. బదులుగా కాలువలో నీళ్లు ఎంత ఉన్నాయి, కొబ్బరి దింపు అయిందా, చెరువు గట్టున తూము వేశారా, మామిడి పూత నిలిచిందా అని అడగండి. అడిగితే అమ్మ రేవు దాకా వెళ్లి చూసి వచ్చి చెబుతుంది. మా అమ్మకు చదువు రాదు. నేను అడగడం మొదలుపెట్టిన ఏడాది నుంచి, ప్రతి కార్తె మొదటి రోజున గోడ మీద బొగ్గుతో గీత గీసి, నా కోసం ఒక్కొక్క సంగతి గుర్తుపెట్టుకునేది. “నాన్నా, నీ చుక్క అక్కడ పొడిచిందా?” అని తనే ముందు అడిగేది.

డెల్టాలో ఉండి ఈ వ్యాసం చదువుతున్నవారికి కూడా ఇందులో పని ఉంది. మీవాళ్లు ఎడారి నుంచి మొలకల సంగతి చెప్పినప్పుడు, ఇసుకలో ఏం మొలుస్తుందని తీసిపారేయకండి. తేదీ రాసుకుని, మీ నాలుగవ గడి మీరు నింపండి.

చివరి పని: తిరిగి వచ్చాక

తిరిగి వచ్చినవారు పుస్తకాన్ని పెట్టెలో దాచేస్తారు, అది పొరపాటు. మన డెల్టాకు కూడా ఒక ఎండుకాలం ఉంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, బోదెలు నెర్రెలిస్తాయి, ఊరి చెరువు నింపుకున్న నీళ్లతో కొన్ని వారాలు గడపాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీళ్లకు అలవాటుపడ్డ మనకు ఆ వారాలు విసుగు. ఇప్పుడు నేను ఆ వారాలలోనే ఎక్కువగా రాస్తున్నాను. ఎండిన కాలువ అడుగున నత్తగుల్లల కింద మిగిలిన తడి, గట్టు మీద రాలిన ఈతపళ్లు, రావి చెట్టు కొత్త ఆకు, ఇవన్నీ అంతకుముందు నా కళ్ల ముందే ఉన్నా నేను చూడలేదు.

జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదులుతారు. అవి మా ఊరి చివరి బోదెకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. ముందు నురగ, ఎండుటాకులు, వాటి వెనక ఒక వేలి లోతు నీరు వస్తుంది. అది మీ పొలం గట్టుకు తగిలిన రోజు తేదీ మొదటి గడిలో, మృగశిర అని రెండవ గడిలో, నీళ్లు వచ్చాయని మూడవ గడిలో రాయండి. నాలుగవ గడిలో ఇప్పుడు ఎడారి సంగతి రాయాలి, అక్కడ ఉన్నవారికి ఫోన్ చేసి అడగండి. ఆ వారమే కువైట్‌లో తెల్లవారుజామున తూర్పున తురయ్యా మళ్లీ కనబడుతూ ఉంటుంది.